నరసింగరావు పోయించిన పడుగు

శ్రీకాకుళంలో ఒక టైర్ల షాపు మీద రెండంతస్తుల్లో నడిచే ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఉంది. అక్కడ జంతుశాస్త్రం చెప్పే నరసింగరావు ఏడాదికొకసారి ఒకే ఒక్క మాట మీద గంటసేపు పాఠం చెప్పేవాడు. ఆ మాట ప్రైమోర్డియం. పిండం పెరుగుదల అనే అధ్యాయంలో, ఒక బొమ్మ కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. పరీక్షలో ఎప్పుడూ రాలేదు. వచ్చే ప్రమాదం ఉన్నట్టు కూడా ఎవరూ హెచ్చరించలేదు. అయినా ఆ గంటకి పక్క సెక్షన్ల పిల్లలు వచ్చి వెనక బెంచీల్లో ఇరుక్కునేవారు. కామర్సు వాళ్ళు కూడా వచ్చేవారు. వాళ్ళకి పిండంతో ఏం పనో శాస్త్రలోకం ఇంతవరకూ తేల్చలేదు.

యాజమాన్యం ఒకసారి ఆయన్ని పిలిచి, మార్కులు లేని మాటకి గంట ఎందుకండీ అని మర్యాదగా అడిగింది. మార్కులు లేనివాటి గురించి కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదండీ అని ఆయన అంతకన్నా మర్యాదగా జవాబిచ్చాడు. యాజమాన్యం దీర్ఘంగా ఆలోచించి, ఆ ఏడాది జీతం పెంచడం మరిచిపోయింది.

ఆ గంటలో ఆయన చెప్పేది ఇది. కోడిగుడ్డుని పొదగేసిన కొత్తలో తెరిచి చూస్తే లోపల గుండె ఉండదు. కాని గుండె రాబోయే చోట కణాలు కాస్త ఒత్తుగా చేరి ఉంటాయి. చూడ్డానికి మరకలా ఉంటుంది. అది గుండె కాదు, అలాగని ఇంకేదీ కాబోదు. అవయవం అవయవం కాకముందు ఉండే ఆ మొదలుని శాస్త్రం ప్రైమోర్డియం అంటుంది. తెలుగులో ఆద్యం అన్నారు. చేతికొక ఆద్యం, కంటికొక ఆద్యం, పంటికొక ఆద్యం. ఆకుకి కూడా ఉంటుందని వృక్షశాస్త్రం చెప్పే డేవిడ్‌రాజు తలుపు దగ్గర నిలబడి ప్రతి ఏడాదీ గుర్తుచేసేవాడు. ఆకుల సంగతి మీ గంటలో చూసుకోండి మాస్టారూ అని ఈయన ప్రతి ఏడాదీ అనేవాడు. ఇద్దరూ కలిసి టిఫిను డబ్బాలు విప్పుకునే స్నేహితులు. ఈ రెండు వాక్యాల కోసం కూడా పిల్లలు కాచుకుని ఉండేవారు.

ఇంతవరకూ ఏ మాస్టారైనా చెబుతాడు. ఇక్కణ్ణుంచి నరసింగరావు చాక్‌పీసు బల్ల మీద పెట్టేసేవాడు. ప్రైమోర్డియం లాటిన్ మాట. ప్రీముస్ అంటే మొదటిది, ఓర్దీరీ అంటే మొదలుపెట్టడం. అయితే రోమనులు ఈ మొదలుపెట్టడమనే మాటని గాలిలోంచి పట్టుకురాలేదు. నిఘంటువు అడుగుదాకా తవ్వితే దాని తొలి అర్థం మగ్గానికి పడుగు పొయ్యడం. నేతలో నిలువు పోగులు పడుగు, వాటి మధ్య అటూ ఇటూ తిరిగే అడ్డపోగు పేక. పడుగు పడనిదే గుడ్డకి పుట్టుక లేదు. కాబట్టి పండితులు సూక్ష్మదర్శిని కింద ఒక ప్రాణి గుండె మొదలవడం చూసి, దానికి పేరు కోసం ఎన్ని మహానగరాలు తిరిగారో గాని, చివరికి తెలియకుండానే నేతగాడి వాకిట్లోకొచ్చి నిలబడ్డారు. జర్మనులు ఇదే సంగతికి ఆన్‌లాగె అనే మాట వాడారు, అది పునాది వేసి ప్లాను గీసే బాపతు మాట. మేస్త్రీల మాట అంటూ నరసింగరావు దాన్ని ఒక్క వాక్యంలో సాగనంపేవాడు.

అన్నీ అయ్యాక పుస్తకంలో ఇంకో వాక్యం మిగిలేది. అన్ని ఆద్యాలూ అవయవాలు కావు, కొన్ని మధ్యలోనే కరిగిపోతాయి. పుస్తకంలో ఉంది గనక దాన్ని చదివేవాడు. గంట కొట్టబోతుండగా, పుస్తకం మూస్తూ, గబగబా.

ఆయన్ని పిల్లలు పడుగు మాస్టారు అనేవారు. ఆ పేరు ఆయనకి తెలుసు. ఆయన పుట్టింది పొందూరు పక్క పల్లెలో, ఖద్దరు నేసే వీధిలో. కొండపత్తిని వాలుగచేప దవడ ఎముకతో దువ్వి, సన్నగా వడికి, గుంట మగ్గం మీద నేసే ఇల్లు. తండ్రి తిరుమలరావు మగ్గం దిగేది తిండికీ నిద్రకీ మాత్రమే. తల్లి చిన్నప్పుడే పోతే, తండ్రికి అక్క అయిన దేముడమ్మ ముండమోసి పుట్టింటికొచ్చి ఉన్నది గనక ఈ పిల్లవాణ్ణి పెంచింది. నూలు వడికేదీ, పడుగు పోసేదీ, గంజి పెట్టేదీ కూడా ఆవిడే. ఆ పైన మిగిలిన తీరికలో వీధి మొత్తానికి తగువులు తీర్చేది.

విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు నరసింగరావు తన ఊరు పొందూరు అని చెప్పేవాడు గాని వీధి చెప్పేవాడు కాదు. చొక్కాకి గంజి వాసనొస్తోందేమోనని ల్యాబులో కిటికీ పక్కన నిలబడేవాడు. అలాంటివాడు ఒక మధ్యాహ్నం లైబ్రరీలో, ఎండ తగ్గేదాకా కూర్చుందామని వెళ్ళి, తలగడంత లాటిన్ నిఘంటువు తిరగేసి, అందులో తన ఇంటి వాకిలి చూశాడు. ఆ శనివారమే రైలెక్కి ఊరొచ్చేశాడు. మగ్గం గుంటలో కూర్చున్న తండ్రికి సంగతంతా చెప్పాడు. తిరుమలరావు పేకని అటూ ఇటూ తిప్పే నాడె ఆపకుండా విన్నాడు.

"అయితే ఆల్లకీ మగ్గాలుండీవన్నమాట."

"ఉండీవి నాన. ఉన్ని నేసీవోరు."

"ఉన్నా?" అప్పుడు నాడె ఆగింది. "గొంగళ్ళకి ఇంత లాటినేటిరా."

రాట్నం దగ్గర కూర్చున్న దేముడమ్మకి వేరే అనుమానం వచ్చింది. ఆ దేశంలో పడుగుకి గంజి ఎవరు పెట్టేవారో పుస్తకంలో రాశారా అని అడిగింది. రాయలేదన్నాడు. "ఎందుకు రాస్తారు? ఆడదాని పని," అని ఆవిడ రోము సామ్రాజ్యం ఫైలు అక్కడితో మూసేసింది.

ఆ తర్వాత నరసింగరావు వీధి పేరు కూడా చెప్పడం మొదలుపెట్టాడు.

పెళ్ళి ఆలస్యంగా అయింది. భార్య హేమది నౌపడ. తండ్రి ఉప్పు మళ్ళలో పనిచేసేవాడు. ఆమె శ్రీకాకుళం పోస్టాఫీసులో కౌంటరు మీద కూర్చుంటుంది. ముద్ర కొట్టినంత పొదుపుగా మాట్లాడుతుంది. మొదటిసారి అత్తవారి వీధికి వచ్చినప్పుడు, పొద్దున్నే వీధి పొడవునా పడుగు సాగదీసి, దేముడమ్మ ఒక పక్కా ఇంకో ఆవిడ ఇంకో పక్కా కుంచెతో గంజి రాస్తున్నారు. పడుగు ఆరేదాకా దాన్ని ఎవరూ దాటరు. అటుపక్క పాలవాడూ, కొరియరు కుర్రాడూ, స్కూటీ మీద ఒక పంచాయతీ ఉద్యోగీ, పెళ్ళివారి కారొకటీ ఇంజన్లు ఆపుకుని భక్తిగా నిలబడి ఉన్నారు. హేమ కాసేపు చూసి, మా ఆఫీసులో కూడా ఒకటి ఇలా కట్టాలండీ, క్యూ బాగా నిలబడతాది అంది. దేముడమ్మకి కోడలు ఆ క్షణాన నచ్చింది.

తర్వాతి కొన్నేళ్ళ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. హేమకి రెండుసార్లు కడుపు నిలిచింది, రెండుసార్లూ మూడో నెల దాటలేదు. పిండశాస్త్రం బోధించే మనిషి ఆసుపత్రి బల్ల మీద, గోడకి అంటించిన శిశువు పెరుగుదల పటం కింద, అందులో అచ్చుతప్పులు చూసుకుంటూ కూర్చున్నాడు. ఇంటికొచ్చాక ఇద్దరూ ఆ విషయం మాట్లాడుకోలేదు. ఆమె పోస్టాఫీసుకెళ్ళింది, ఆయన కాలేజీకెళ్ళాడు. డేవిడ్‌రాజు తమ బాప్టిస్టు చర్చిలో ప్రార్థన పెట్టించి, ఆ సంగతి చెప్పకుండా, రెండు డబ్బాల్లో కేకు మాత్రం తెచ్చి ఇచ్చాడు.

మూడోసారి మూడో నెల దాటింది. నాలుగు దాటింది. అయిదో నెలలో స్కాను చేసినావిడ తెర ఇటు తిప్పి గుండె చూపించింది. నరసింగరావు పటాల్లో, గుడ్లలో, గాజుపలకల మీద లెక్కలేనన్ని గుండెల మొదళ్ళు చూసినవాడు. ఆ వేళ మాత్రం చూసింది ఏమిటని బయట డేవిడ్‌రాజు అడిగితే, కొట్టుకుంటోంది మాస్టారూ అని తప్ప చెప్పలేకపోయాడు.

ఇక్కడ ఆ ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. కడుపులో ఉన్న బిడ్డకి కొత్తది ఏదీ సిద్ధం చెయ్యరు. ఇది చాలా ఇళ్ళలో ఉన్నదే. పుట్టగానే చుట్టడానికి వాడి వాడి మెత్తబడిన పాత చీరే కావాలి. నేత ఇంట్లో దీనికి ఇంకో మెలిక ఉంది. పుట్టబోయే బిడ్డ పేరు మీద పడుగు పొయ్యరు. బిడ్డ పుట్టి, పురుడు తీరాకే తాత మగ్గానికెక్కుతాడు. దానికి తోడు ఇంకొకటి. ఎవరిదైనా, ఏదైనా, నిండని గుడ్డని మగ్గం మీంచి కొయ్యరు. పడుగు పడితే నెయ్యాలి, నేస్తే నిండాలి. దేముడమ్మ తన చీరల్లో బాగా నలిగిన ఆకుపచ్చ చీర ఒకటి ఉతికి, మడతపెట్టి, ట్రంకుపెట్టెలో అడుగున దాచింది. మూడేళ్ళనుంచీ అది అక్కడే ఉంది.

చిక్కు తిరుమలరావు కళ్ళతో వచ్చింది. రెండు కళ్ళలోనూ పొర కమ్ముతోంది. ఆపరేషనంటే కంటికి కట్టు కట్టి మగ్గం మానిపిస్తారని ఏడాదిగా దాటేస్తున్నాడు. మనవడో మనవరాలో వచ్చేసరికి పోగు కనిపిస్తుందో లేదోనని ఆయన భయం. ఆ భయం ఆయన ఎవరికీ చెప్పలేదు. అక్క వడికిన సన్ననూలు కండెల్ని మాత్రం రోజూ తీసి, వేళ్ళతో తడిమి, మళ్ళీ పెట్టేసేవాడు. ఒక ఆదివారం ఊరొచ్చిన నరసింగరావు అది చూశాడు. చూసి, ఇప్పుడే పోసెయ్యండి నాన అన్నాడు.

దేముడమ్మ రాట్నం ఆపింది.

"కడుపులో ఉన్న పసిగుంటకి పడుగు పొయ్యరు. నువ్వు కడుపులో ఉన్నప్పుడు పొయ్యనేదు. నీకేటి తక్కువైపోనాది?"

"లోపల పడుగు పడిపోయి శానా నాళ్ళయింది అత్తా. గుండెకి పడింది, కళ్ళకి పడింది, సేతులకి పడింది. దానికి పడుగని పేరెట్టింది శాస్త్రం. లోపలున్నదే బయటొకటి పోస్తే తప్పేటి?"

"లోపలిది పోసినోడు వేరురా. ఆడు మనల్నడిగి పొయ్యనేదు."

నరసింగరావు ఊరుకోలేదు. తరగతి గదిలో గంటసేపు చెప్పేదంతా అరుగు మీద మళ్ళీ చెప్పాడు. లాటిన్ చెప్పాడు, కోడిగుడ్డు చెప్పాడు, స్కానులో చూసింది చెప్పాడు. ఆ వీధిలో అంత చక్కటి పాఠం అంతకుముందు ఎవరూ చెప్పి ఉండరు. ఆచారం తప్పని ఆయన అనలేదు. ఆచారాన్ని మన్నించే అడుగుతున్నానన్నట్టు చెప్పాడు. అలాంటి వాదనకి ఎదురు చెప్పడం కష్టం. దేముడమ్మ తమ్ముడి వైపు చూసింది. తిరుమలరావు కండె చేతిలో పట్టుకుని నేల వైపు చూస్తున్నాడు.

"పొయ్యప్పా," అన్నాడు అక్కతో. "నాకు కళ్ళున్నప్పుడే."

ఆవిడ రాట్నం పక్కకి జరిపి లేచింది. పడుగు పోసింది.

హేమని ఎవరూ అడగలేదు. ఆ తర్వాతి ఆదివారం ఆమె ఆటోలో వచ్చేసరికి వీధిలో పడుగు సాగదీసి ఉంది. ఆటో ఆగిపోయింది. ఆమె దిగి, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, పడుగు పక్కనుంచి నెమ్మదిగా నడిచి వచ్చింది. తెల్లగా, ఎండలో తడి మెరుస్తూ, ఆ వీధిలో అంత సన్ననూలు పడుగు ఎవరూ ఈమధ్య చూడలేదు. కుంచె పట్టుకున్న దేముడమ్మ తలెత్తలేదు. నరసింగరావు అరుగు మీద లేచి నిలబడ్డాడు.

"ఎవులికిది?" అంది హేమ.

ఆమెకి చెప్పక్కర్లేకపోయింది. ఒక వేలితో చివరి పోగు ముట్టుకుని, "పొడుగ్గానే ఉన్నాది," అంది.

"పొట్టి పడుగు మగ్గానికి ఎక్కదమ్మా," అన్నాడు తిరుమలరావు.

ఆమె నవ్వింది. పడుగు ఆరేదాకా అరుగు మీద కూర్చుని, దాన్ని దాటబోయిన ఒక మోటారుసైకిలు వాణ్ణి తనే ఆపింది.

తిరుమలరావు ఆ గుడ్డ రోజూ కొంచెమే నేసేవాడు. వెలుతురు బాగా ఉన్న వేళ చూసి దాన్ని అందుకునేవాడు. మూర నేశాడు. ఇంకో మూర నేశాడు. ఇంత నెమ్మదిగా నేస్తే గుంట బడికెళ్ళిపోతాదని దేముడమ్మ వెటకారం కూడా ఆడింది. ఆవిడ కోపం తగ్గిందని దానికి అర్థం.

ఏడో నెలలో ఒక మంగళవారం హేమకి కౌంటరు మీద ఉండగా బిడ్డ కదలడం లేదనిపించింది. క్యూలో ఉన్న చివరి మనిషి పార్శిలు తూచి, రసీదు ఇచ్చి, ఆ తర్వాత లేచింది. స్కాను చేసినావిడ ఈసారి తెర ఇటు తిప్పలేదు. డాక్టరు వచ్చి చూసి, చాలాసేపు చూసి, కారణం తెలియకుండా ఒక్కోసారి ఇలా జరుగుతుందని చెప్పింది. హేమ తప్పేమీ లేదు. ఎవరి తప్పూ లేదు. మర్నాడు కాన్పు చేశారు. ఆడపిల్ల. కళ్ళు, చేతులు, గోళ్ళు, అన్నీ ఉన్నాయి.

హేమ మంచం మీదుంది. తోడుగా నౌపడనుంచి తల్లి వచ్చింది. నరసింగరావూ డేవిడ్‌రాజూ కారులో బిడ్డని ఊరికి తెచ్చారు. ఆసుపత్రి గుడ్డలో చుట్టి ఉన్న ఆ కాస్త బరువునీ దారి పొడవునా నరసింగరావు ఒళ్ళోంచి దించలేదు. గోతుల దగ్గర డేవిడ్‌రాజు బండి బాగా నెమ్మది చేసేవాడు. ఆ రోడ్డు మీద అలా ఎవరూ నడపరు.

అంత చిన్నవాళ్ళని దహనం చెయ్యరు, పూడుస్తారు. ఊళ్ళోకి వచ్చేసరికి మధ్యాహ్నం తిరిగింది. దేముడమ్మ ట్రంకుపెట్టె తెరిచి పాత ఆకుపచ్చ చీర తీసి, వాకిట్లో పీట మీద పరిచింది. దాని పని ఇదే కదా, ఎలాగైనా ఒకసారి బిడ్డని చుట్టాలి. నరసింగరావు బిడ్డని దాని మీద పెట్టబోయాడు.

అప్పుడు లోపల్నించి కత్తెర చప్పుడు వినిపించింది.

పడుగు మీద కత్తెర పడితే ఆ ఇంట్లో పసివాళ్ళకి కూడా తెలుస్తుంది. బిగువుగా ఉన్న పోగులు తెగుతుంటే వచ్చే చప్పుడు ఇంక దేనికీ రాదు. దేముడమ్మ పరుగెత్తింది. తిరుమలరావు మగ్గం గుంటలో నిలబడి, కళ్ళు దగ్గరగా పెట్టి, నేసిన రెండు మూరల అంచు వెంట కోసుకుంటూ పోతున్నాడు. ఆయన చేతిలో మగ్గం మీద ఎన్నడూ నిండని గుడ్డ తెగలేదు.

"నిండనిది కొయ్యకూడదురా," అంది దేముడమ్మ.

"అది దానిది. దానికిచ్చీసినాను," అన్నాడు.

కోత పూర్తి చేసి, గుడ్డ తెచ్చి పీట మీద పరిచాడు. పోగులు కుచ్చుల్లా వేళ్ళాడుతున్నాయి. ఆకుపచ్చ చీరని దేముడమ్మ మళ్ళీ మడతపెట్టి చంకలో పెట్టుకుంది. బిడ్డకి ఆ రెండు మూరలూ సరిపోయాయి. కొంచెం మిగిలింది కూడా.

తర్వాత ఆ మగ్గం ఆగిపోయింది. కోసేసిన పడుగు కొసలు పన్నె ముందు, అంటే పోగుల్ని విడివిడిగా నిలబెట్టే దువ్వెన ముందు, వదులుగా వేళ్ళాడుతూ ఉండిపోయాయి. ఆ పడుగు అయితేగాని దాని మీద ఇంకోటి ఎక్కించరు. తిరుమలరావు దాన్ని నెయ్యడు, తియ్యడు. ఖద్దరు సంఘం వాళ్ళు నూలు తెచ్చి రెండుసార్లు తిరిగి పట్టుకెళ్ళారు. కళ్ళ ఆపరేషను చేయించుకోమంటే, ఇప్పుడెందుకన్నాడు.

దేముడమ్మ తాను వద్దన్న సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. తిట్టి ఉంటే నరసింగరావు కొంచెం సుఖపడేవాడు. ఆవిడ ఎత్తకపోవడం ఆయనకి ప్రతి ఆదివారం వినిపించేది. శాస్త్రం చదివిన మనిషి, పడుగు పొయ్యడానికీ గుండె ఆగడానికీ సంబంధం లేదని ఏ కోర్టులోనైనా నిరూపించగలవాడు. నిరూపించుకుంటూనే ఉండేవాడు, స్నానం చేస్తూ, బస్సులో కూర్చుని, ఖాళీ తరగతిలో. ఒకసారి నిరూపిస్తే చాలే విషయమైతే అన్నిసార్లు అక్కర్లేదు.

మళ్ళీ ఆ అధ్యాయం వచ్చింది. పై తరగతుల వాళ్ళు చెప్పుకున్న కథలు విని పిల్లలు గది నిండా చేరారు. కామర్సు వాళ్ళు ముందే వచ్చి స్థలం పట్టారు. డేవిడ్‌రాజు తలుపు దగ్గరికి వచ్చి తన వాక్యంతో సిద్ధంగా నిలబడ్డాడు. ఈ మాట దగ్గర మిత్రుడు మళ్ళీ మనిషవుతాడని ఆయన ఆశ. నరసింగరావు పుస్తకం తెరిచి, ప్రైమోర్డియం, ఆద్యం, రాసుకోండి అన్నాడు. పేజీ తిప్పాడు. పిల్లలు కాసేపు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. తర్వాత తలలొంచుకుని రాసుకున్నారు. డేవిడ్‌రాజు ఆకుల సంగతి ఎత్తకుండా వెనక్కి వెళ్ళిపోయాడు.

అక్కణ్ణుంచి డేవిడ్‌రాజు సరాసరి పోస్టాఫీసుకి వెళ్ళాడు. క్యూలో నిలబడి, తన వంతు వచ్చాక, అక్కర్లేని పోస్టుకార్డొకటి కొని, అమ్మా ఇవాళ మాస్టారు ఆ పాఠం చెప్పలేదమ్మా అని చెప్పి వెళ్ళిపోయాడు.

సాయంత్రం హేమ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అడిగింది, ఎందుకు చెప్పలేదని. నరసింగరావు తనూ ఒక కాయ అందుకుని, ఆ పడుగు పొయ్యించింది నేనే అన్నాడు. అత్త వద్దంది, నాన ఆగేవాడే, నేనే గంటసేపు పాఠం చెప్పి పొయ్యించాను. నిన్ను ఒక్క మాట అడగలేదు.

హేమ ఇంకో నాలుగు కాయలు తీసింది.

"మీ మాటకి పిల్లని సంపీంత బలముంటే బతికించీంత బలమూ ఉండును. రెండూ నేవు," అంది. తర్వాత, "ఆ పడుగింకా మగ్గం మీదే ఉన్నాదా?" అని అడిగింది.

ఉందన్నాడు. ఆ ఆదివారం ఆమె కూడా బయల్దేరింది. కాన్పు తర్వాత ఆ వీధికి రావడం అదే మొదలు. నేరుగా లోపలికి వెళ్ళి, మగ్గం దగ్గర నిలబడి, వేళ్ళాడుతున్న కొసలు చూసింది. అవి తెగిన చోటు ఆమె చూడ్డం అప్పుడే. చేతిలోకి తీసుకుని, జుట్టు దువ్వినట్టు ఒకసారి వేళ్ళతో దువ్వింది.

"మిగిలింది నేసీండి మావా," అంది.

తిరుమలరావు తల అడ్డంగా ఊపాడు. "నా వల్ల కాదమ్మా. ఆ కొసలు కట్టనేను."

"అయితే ఆయన నేస్తారు."

నరసింగరావు మగ్గం గుంటలో దిగి పాతికేళ్ళు దాటింది. లాటిన్‌లో పడుగు మొదలుపెట్టడం గురించి ఆయనకి తెలియంది లేదు. ఈ పడుగుని అందుకోవడం ఎలాగో మాత్రం తెలియదు. దేముడమ్మ పక్కన కూర్చుని, తెగిన కొసల్ని కొన్ని కొన్నిగా చేర్చి, బట్ట చుట్టుకునే దోనెకి ముడి వెయ్యడం చూపించింది. ఇద్దరూ ఆ రోజంతా ముడులే వేశారు. హేమ ఎదురుగా కూర్చుని, ఆవిడ చేతికి కొసలు అందించింది.

"అయినాక ఎవులికే అమ్మా ఈ గుడ్డ?" అని దేముడమ్మ ఒకసారి అడిగింది.

"ఎవులికీ కాదు పెద్దత్తా. అయిపోవాల," అంది హేమ.

తర్వాత ప్రతి ఆదివారం ఆయన నేశాడు. చాలా చెత్తగా నేశాడు. ఒక చోట పలచన, ఒక చోట ఒత్తు. అంచులు వంశధార గట్టులా వంకర్లు పోయాయి. తిరుమలరావు మగ్గం గుంట గట్టు మీద కూర్చుని, కనిపించక, చప్పుడు విని సరిదిద్దేవాడు. గట్టిగా కొట్టరా, అది పేకని తోసినట్టు నేదు, బతిమాలినట్టున్నాదని విసుక్కునేవాడు. ఇన్నాళ్ళకి ఆయన విసుక్కోవడం విని దేముడమ్మ మూలన పెట్టిన రాట్నం మళ్ళీ తీసింది. వాన రోజుల్లో పోగు సాగి ఊరికే తెగేది. తెగినప్పుడల్లా నరసింగరావు చెయ్యి ఆగిపోయేది. హేమ లేచి వచ్చి ఆ పోగు వెతికి ముడి వేసి వెళ్ళేది. నేర్పకుండానే నేర్చుకుంది. ఈమధ్యలో డాక్టరు, ఇంక ప్రయత్నించడం ఆమె ఒంటికి మంచిది కాదని చెప్పింది. ఆ వారం కూడా వచ్చారు. ఆ వారం కూడా నేశాడు.

ఒక ఆదివారం గుడ్డ అయింది.

మగ్గం వట్టిగా ఉండకూడదని, పన్నెలో ఉన్న చివరి జానెడు పోగులు నెయ్యకుండా వదిలేస్తారు. వచ్చే పడుగు పోగుల్ని వాటికి ఒక్కొక్కటిగా అతుకుతారు. అదీ అక్కడి పద్ధతి. దేముడమ్మ కత్తెర చేతిలో పట్టుకుని హేమ వైపు చూసింది. వదలాలా, మొత్తం తీసెయ్యాలా అని నోటితో అడగలేదు.

"ఉంచండి," అంది హేమ.

ఆ గుడ్డని ఏం చేశారని వీధిలో అందరూ అడుగుతారు. ఏమీ చెయ్యలేదు. ఉతికి, మడతపెట్టి, శ్రీకాకుళంలో బీరువాలో పెట్టారు. ఏడాది తిరిగి ఆ అధ్యాయం వచ్చినప్పుడు నరసింగరావు మళ్ళీ గంటసేపు చెప్పాడు. డేవిడ్‌రాజు తలుపు దగ్గర ఆకుల సంగతి గుర్తుచేశాడు, ఈయన చెప్పాల్సింది చెప్పాడు. పాఠంలో పెద్ద మార్పేమీ లేదు. చివరి వాక్యాన్ని మాత్రం ఇప్పుడు పుస్తకం మూస్తూ చదవడం లేదు. ముందుగానే, నిలబడి, పిల్లలు రాసుకునేంత నిదానంగా చదువుతున్నాడు. అన్ని ఆద్యాలూ అవయవాలు కావు. కొన్ని మధ్యలోనే కరిగిపోతాయి.

పల్లెలో మగ్గానికి కొత్త పడుగు రాలేదు. తిరుమలరావు కళ్ళు ఆపరేషనుకి పనికొచ్చే దశ దాటిపోయాయని డాక్టర్లు చెప్పారు. పన్నెలో మిగిలిన జానెడు కొసల్ని ఆయన పొద్దున్నే తడిమి చూసుకుంటాడు. వాటి మీద దుమ్ము పడకుండా, ఎలుకలు కొరక్కుండా, దేముడమ్మ ట్రంకుపెట్టెలోంచి పాత ఆకుపచ్చ చీర తీసి కప్పింది.